కోర్టు వరండాలో ఫూల్‌మతి

లబాసా కోర్టు వరండాలో ఫూల్‌మతి నెలకోసారి కనిపిస్తుంది. వదిలేసిన మొగుడు బిస్రామ్ ఆమె భరణం అక్కడికే తెచ్చి కట్టాలి. ఆ రోజు తలకు కొబ్బరినూనె రాసుకుని, చెవి వెనక మందారం పెట్టుకుని వస్తుంది. "బ్యాంకులో వేయించుకోవచ్చుగా, అక్కా?" అని గుమాస్తా అడిగితే, "బ్యాంకులో వాడి మొహం కనిపిస్తుందా?" అంటుంది.

ఈసారి చెరుకు కోతల్లో పడి బిస్రామ్ ఎగ్గొట్టాడు. ఫూల్‌మతి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పోలీసులు అతన్ని కోతకు కాల్చిన చెరుకు తోటలోంచి మసి మొహంతోనే పట్టుకొచ్చారు. కట్టకపోతే జైలేనన్నాడు మేజిస్ట్రేటు. ఇప్పుడతనితో కాపురం చేస్తున్న సోనమతి మొదట తన కొంగుతో అతని మొహం తుడిచింది, తర్వాత తన బంగారు గాజులు తీసి బల్లమీద పెట్టింది.

ఫూల్‌మతి గాజులకేసి చూడనే లేదు.

"అవి నాకొద్దు, సాబ్. వాణ్ణి జైలుకే పంపండి. అక్కడ మొహం వాడే తుడుచుకుంటాడు."