లైసెన్స్ రాకముందే వెళ్లిపోయిన మా పైడక్క

నిన్న పొద్దున పైడక్క పోయింది.

ఈ మాట ఫోన్‌లో చెబితే ఫ్రెండ్స్ నవ్వారు. తప్పు వాళ్లది కాదు, చెప్పింది ఎప్పుడూ వేళాకోళమాడే నేను. ఒకడైతే "ఇయాల ఏట్రా కొత్త డ్రామా" అన్నాడు.

డ్రామా కాదు. సెరిబ్రల్ మలేరియా. ఆదివారం జ్వరం, గురువారానికి మనిషి లేదు.

ఇక్కడే పుట్టి పెరిగి తెలుగు చదవడం రాని మన బ్యాచ్ దయచేసి ఇంట్లో పెద్దవాళ్లచేత చదివించుకోండి. ఇంగ్లీషులో రాయను. పైడక్కకు ఇంగ్లీషులో వచ్చినవన్నీ రూల్సే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పైడితల్లి మా పెద్దమ్మ కూతురు. ఈ బెంగాలీ నగరంలో ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క గది. పెదనాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాక్‌లో కూలీగా చేరి, కూలీగానే రిటైరయ్యాడు. ఆయన కూతురు సైకాలజీలో ఎం.ఏ. చేసి, లైసెన్స్ ఉన్న మెంటల్ హెల్త్ కౌన్సెలర్ అవుతానంది.

ఉత్త కౌన్సెలర్ అంటే సరిపోయేది. "లైసెన్స్ ఉన్న" అనే చోటే మా కష్టాలు మొదలయ్యాయి.

సభాముఖంగా ఒక మనవి. ఈ నగరంలో సలహా ఇవ్వడానికి ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. మొగుడూ పెళ్లాల గొడవకు పార్టీ ఆఫీసులో దాదా తీర్పు చెబుతాడు. పిల్లాడు ఫెయిలైతే టీ కొట్టు బెంచీ మీదున్న ప్రతివాడూ కారణం చెబుతాడు.

కానీ నోరు మూసుకుని ఎదుటి మనిషి మాట వినాలంటే మాత్రం ఎం.ఏ. కావాలి. గుర్తింపున్న చోట ట్రైనింగ్ కావాలి. సీనియర్ పర్యవేక్షణలో గంటల తరబడి కేసులు చూడాలి. ఆ గంటలన్నిటికీ సీనియర్ సంతకం పెట్టాలి. తర్వాత పరీక్ష. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కోసం పైవాళ్లు ఒక కాగితం అడిగి, అది పంపాక ఇంకో కాగితం అడుగుతారు.

ఎం.ఏ., ట్రైనింగ్ అన్నీ చేసింది మహాతల్లి. ఆ గంటల దగ్గర ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెబితే మీకూ నాలాగే ఒళ్లు మండుతుంది.

పక్కపేట వాట్‌గంజ్‌లో ఒక క్రేన్ ఆపరేటర్ మామయ్య ఉన్నాడు. పేరు చెప్పను, చెబితే పైడక్క ఊరుకోదు. పక్కన పనిచేసేవాడు కళ్ల ముందే లోడు కింద నలిగి పోయాడు. అప్పట్నుంచి మామయ్య మాట్లాడటం మానేశాడు. పైడక్క ట్రైనింగ్ చేసే క్లినిక్‌కి రమ్మంటే రాలేదు. పైడక్కే వెళ్లింది.

మనవాళ్ల సంగతి మీకు తెలుసు. ఇంటికొచ్చిన మనిషి తిననిదే మనసులో మాట బయటపెట్టరు. తినకుండా కూర్చుంటే సర్వేకి వచ్చిందనుకుంటారు. అందుకని పైడక్క వంటింట్లో పీట మీద కూర్చుని ఎండుచేపల పులుసుతో కడుపునిండా తింది. చెయ్యి కడుక్కొచ్చేలోపు మామయ్య మాట్లాడటం మొదలెట్టాడు. చీకటి పడేదాకా ఆపలేదట.

మామూలు మనిషైతే రిపోర్టులో "సెషన్ బాగా జరిగింది" అని రాస్తుంది. ఈవిడ భోజనం కూడా రాసింది.

నా డొక్కు స్కూటర్ మీద ఆమెను సూపర్‌వైజర్ సార్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే. గుమ్మం బయట నిలబడి అంతా విన్నాను. ఆయన బెంగాలీ పెద్దమనిషి, గొంతు పెంచడు.

"క్లయింట్ ఇంట్లో భోంచేశారా?"

"చేశాను సార్."

"కౌన్సెలర్ క్లయింట్ దగ్గర ఏమీ తీసుకోకూడదు."

"తీసుకోలేదు సార్. తిన్నాను."

ఆ గంటలు కొట్టేశారు. ఆ ఒక్కచోటే కాదు, తిన్నానని రాసిన ప్రతిచోటా కొట్టేశారు. మన పేటలో ఆవిడ తినని ఇల్లు లేదు కాబట్టి, మొత్తం మళ్లీ మొదటికొచ్చింది.

దారి పొడుగునా తిట్టాను. "ఆ పులుసు సంగతి రాయకపోతే ఏటి పోయేది?"

"అబద్ధం రాసి లైసెన్స్ తెచ్చుకుంటే, ఆళ్లని నిజం సెప్పమని ఏ మొకంతో అడుగుతాన్రా?"

"అయితే రూలు తప్పని పోట్లాడు."

"రూలు తప్పు కాదురా. తిన్నింటోళ్లని ఓ మాట అడగాలంటే మొగమాటమేస్తది. నాకూ ఏసింది."

ఇలాంటి మనిషితో ఎలా వేగాలో చెప్పండి.

తర్వాత ఒక స్కూల్లో సాయంత్రాలు ఒక గది సంపాదించింది. రెండు కుర్చీలు, ఒక బల్ల. టీ కూడా లేదు. మొదట్లో ఎవరూ రాలేదు. పైడక్క రోజూ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చునేది. "కుర్చీ డిప్రెషన్ ఎలా ఉంది" అని అడిగేవాడిని. "నీకన్నా నయం, మద్దిలో మాటాడదు" అనేది.

మెల్లగా ఒక పిన్ని వచ్చింది. తర్వాత ఆవిడ కోడలు, వేరే రోజున. తర్వాత గది బయట బెంచీ వేయాల్సి వచ్చింది.

గంటలు దాదాపు పూర్తయ్యాయి. వచ్చే వారం సార్ సంతకం.

ఆదివారం జ్వరం వస్తే ఆస్పత్రికి పదమన్నాను. సోమవారం కూడా అన్నాను. "ఒకావిడ ఇన్నాళ్లకి వస్తానంది. ఇయాల గది మూసేస్తే మల్లీ రాదు" అని పారాసెటమాల్ వేసుకుని వెళ్లింది. ఆవిడ వచ్చిందట. పైడక్క విన్నదట.

పైడక్కా, నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో చెప్పడానికి ఈ పోస్టు చాలదు.

నిన్న సాయంత్రం సార్ ఇంటికొచ్చారు. చాప మీద పెదనాన్న పక్కన కూర్చుని, మీ అమ్మాయి చాలా మంచి కౌన్సెలర్ అన్నారు. పెదనాన్నకు బెంగాలీ అంతగా రాదు, నేను తెలుగులో చెప్పాను.

పెదనాన్న విని, "అయితే ఇప్పుడెట్టీయండి బాబూ సంతకం" అన్నాడు.

అది కూడా బెంగాలీలో చెప్పాను. మిగిలిన గంటలు పూర్తి కాకుండా సంతకం పెట్టే అధికారం తనకు లేదన్నారు సార్. చెబుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆయన్ని అక్కడే నాలుగు దులిపేద్దామని లేచాను. పెదనాన్న నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"రూలంటే రూలే బాబూ. మా పాపా ఒప్పుకునీది కాదు."

అది అనువాదం చేయడం నావల్ల కాలేదు.

వెళ్లిరా అక్కా. అక్కడ ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే, ఇవాళ ఒంట్లో బాగోలేదని చెప్పి పడుకో. ఎవరి సంతకమూ అక్కర్లేకుండా నీకు శాంతి దొరకాలి.