రాజేశం కట్టిన ప్లిమత్ ఇల్లు

మా రాజేశం పనితనాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. జగిత్యాల పక్క పల్లె మనిషి, ఖతార్‌లో షట్టరింగ్ కార్పెంటర్. అక్కడి లుసైల్ నగరంలో మేడలకు కాంక్రీట్ పోసేముందు చెక్కలతో అచ్చు కట్టేది ఈయనలాంటి వాళ్ళే. కాంక్రీట్ గట్టిపడగానే ఆ చెక్క ఊడదీసేస్తారు. ఇన్నేళ్ళలో ఆయన కట్టింది ఒక్కటీ మిగల్లేదు.

నేనూ ఖతార్‌లోనే, అబూ హమూర్ దగ్గర ఒక అమెరికన్ స్కూల్లో సోషల్ చెబుతాను. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వెళ్ళి అమెరికాలోని ప్లిమత్‌లో దిగిన వలసదారుల్ని మా స్కూల్లో ఏటా నవంబరులో తలుచుకుంటారు. ఈసారి వాళ్ళ చెక్క ఇల్లొకటి తోటలో కట్టించాలనుకున్నారు. ఆ నేల అప్పటికే వాంపనోగ్ అనే ఆదివాసీ జనానిది కదా, పక్కనే వాళ్ళ గుడిసె కూడా ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. గుడిసెను పిల్లలే చాపలతో కట్టారు. ఇల్లు కట్టడానికి రాజేశాన్ని అతని కంపెనీ పంపింది. బాగా కుదిరితే ఇల్లు తీయకుండా తోటలోనే ఉంచేస్తామని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. ఆ మాట విన్నాక రాజేశం టీ తాగడం కూడా మర్చిపోయాడు.

"మొదటి చలికాలంలోనే సగంమంది పోయారట రాజేశం గారూ. మొక్కజొన్న వేయడం ఆ నేలవాళ్ళే నేర్పారట," అని చెప్పాను.

"కొత్త దేశంల మొదటి ఏడు గట్లనే ఉంటది మేడం. ఎవలో ఒకలు అన్నం పెట్టాలె," అన్నాడు.

ఇల్లు ముచ్చటగా లేచింది. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. ప్రతి మేకు తలా బయటికే ఉంది. షట్టరింగ్ వాళ్ళు అలాగే కొడతారు, రేపు పీకేటప్పుడు పట్టు దొరకాలని. రాజేశం చేతులకు అదే అలవాటు.

"పిల్లలకు గీసుకుపోతుంది. ప్రోగ్రాం కాగానే తీసేయండి," అని ఆఫీసర్ తేల్చేశాడు.

రాజేశం మొహం వాడిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది.

"శుక్రారం నాకు డ్యూటీ లేదు మేడం. ఒక్కసారి మళ్ళ సూడుమని చెప్పుండ్రి," అన్నాడు. నేను బతిమాలి ఒప్పించాను.

శుక్రవారం పొద్దున్నే వచ్చి ఒక్కో మేకునూ పూర్తిగా దిగేదాకా కొట్టాడు. మొదట్లో అలవాటుకొద్దీ సుత్తి మధ్యలోనే ఆగిపోయేది. తనని తానే తిట్టుకుని ఇంకో దెబ్బ వేసేవాడు. ఆదివారం ఆఫీసర్ గోడ పొడుగునా అరచెయ్యి రాసి చూశాడు. ఎక్కడా తగల్లేదు. తల ఊపి, ఉంచుకోమన్నాడు.

వేడుక రోజు పిల్లలు ఆ ఇంట్లోకీ గుడిసెలోకీ పరుగులు పెడుతుంటే, రాజేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఊళ్ళో ఉన్న భార్య రాములవ్వకు వీడియో కాల్ చేసి ఇల్లంతా చూపించాడు.

"దుబాయ్ల గింత మంచిగ కట్టినవా! మల్ల ఎప్పుడు ఊడవీకుతరు?" అంది ఆవిడ. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

"ఊడవీకరే," అన్నాడు రాజేశం. ఫోను నా చేతిలో పెట్టాడు. "మీరన్న చెప్పుండ్రి మేడం, అది నమ్ముతలేదు."

"ఉంటుంది రాములవ్వా, ఇది ఇక్కడే ఉంటుంది," అని తోటంతా వినబడేలా చెప్పాను.