రెండు వారాల ముందు కథ

ఆ శనివారం పొద్దున మా టీవీ రిమోట్‌కు కొత్త ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. పాతది చిరిగిందని అత్త ముందురోజే మార్చి, రెండు కొసలకూ రబ్బరు బ్యాండ్లు వేసింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నప్పుడు ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేశాడు. గుండెలో నొప్పి అంటే తెల్లవారగానే ఆటోలో తీసుకెళ్ళాడు ఆమెను. "అత్త లేదు పాపా" అన్నాడు.

అత్త అంటే నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. నా నాలుగో ఏట అమ్మ పోతే, గాంధీనగర్‌లోని మా ఇంట్లోనే ఉండి నన్ను పెంచింది. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో చెకింగ్ పని చేసేది. కుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం, మిగిలిన దారాలు కత్తిరించడం. ఆ చూపు ఇంటికీ వచ్చేది. నేను కాన్వెంటుకు బయలుదేరితే గుమ్మంలో ఆపి కాలరు తిప్పి చూసేది. చర్చిలో ముందు వరుసవాళ్ళ చొక్కా మీద దారం కనిపిస్తే, ప్రార్థన అయ్యేదాకా చేతులు బిగపట్టుకుని కూర్చునేది. "దేవుడు దారాలు చూడడులే అత్తా" అంటే, "ఆయన చూడడనే కదా నేను చూస్తాండేది" అనేది.

నాకు స్నేహితులు లేరు. పుస్తకాలు ఉండేవి, ఇంటికొస్తే అత్త ఉండేది. నాకు అది చాలు. అత్తకు మాత్రం నేను చాలలేదు. ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు, బ్రూస్‌పేటలో ఉండే ఆంటీ ఉండేది.

మూడో తరగతి నుంచి వాళ్ళిద్దరిదీ ఒకే బెంచి. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి ఒక తెలుగు సినిమా చూశారు. ఇద్దరు ఆడపిల్లలు చిన్ననాటి నుంచి ముసలితనం దాకా స్నేహంగా బతికే కథ. చివర ఒకామె పోతుంది, ఇంకొకామె మిగిలిపోతుంది. అందులో పోయేది ఎవరు, మిగిలేది ఎవరు అని వీళ్ళిద్దరికీ జీవితమంతా తగాదా.

"పోయేది నేనే. నాకు సుగర్ ఉండాది" అనేది అత్త.

"నాకు సుగరూ ఉండాది, బీపీ కూడా ఉండాది. నువ్వు సుమ్నె కూర్చో" అని కన్నడం కలిపి నోరు మూయించేది ఆంటీ.

అత్త ముందు పోతే నేనేం కావాలన్న మాట ఆ తగాదాలో ఒక్కసారి కూడా రాలేదు.

పోయినేడు ఆ సినిమానే సీరియల్‌గా తీశారు. ముందు కన్నడ చానెల్‌లో వచ్చేది. రెండు వారాల తర్వాత అదే, తెలుగు మాటలతో ఇంకో చానెల్‌లో వచ్చేది. ఆంటీ వాళ్ళింట్లో కోడలు పెట్టేది కన్నడ. అత్త చూసేది తెలుగు. అలా ఆంటీ ఎప్పుడూ రెండు వారాలు ముందుండేది. ప్రతి సాయంత్రం ఏడున్నరకు ఫోన్ చేసి, ఆ రోజు తాను చూసింది చెప్పేది. అత్త కూడా అదే కోరేది. "కథ ముందే తెలిస్తే ఏడుపు నింపాదిగా వస్తాది పాపా. లేకుంటే ఏమైతాదో అని భయపడేదానికే సరిపోతాది" అనేది.

కానీ ఆ ఏడుపు ఫోన్‌లోనే అయిపోయేది. ఎనిమిదికి టీవీ ముందు నా పక్కన కూర్చునేసరికి అత్త కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, తేటగా ఉండేది. నాకు మిగిలింది ఆ తేట ముఖం.

పైగా ఆంటీ చెప్పేది సగం కల్పన. ఒకసారి సీరియల్‌లో అత్తగారు పాలల్లో విషం కలిపిందని చెప్పింది. రెండు వారాల తర్వాత చూస్తే, అత్తగారు పాలగ్లాసు విసురుగా పెట్టింది, అంతే.

"విషం యాడ పోయిందే?" అని అత్త ఫోన్‌లో నిలదీసింది.

"మీ చానెలోళ్ళు కత్తిరించినారు. నేనేం చేసేది?"

నేను పట్టుదలకు పోయాను. కన్నడ భాగాలు ఫోన్‌లో చూసి, ఒక రోజు ఆంటీ కంటే ముందే అత్తకు చెప్పాను. ఒక్క మాట తప్పు పోకుండా చెప్పాను. అత్త శ్రద్ధగా వింది. "బాగా చెప్పినావు" అంది. ఏడున్నరకు ఫోన్ మోగితే, అదంతా మళ్ళీ ఆంటీ నోట మొదటి నుంచి వింది, ఏడ్చింది కూడా.

"నేను చెప్పాను కదా అత్తా" అన్నాను.

"నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తావు పాపా. అది నాకు కావాల్సినట్టు చెప్తాది."

ఆ మాట చాలా రోజులు నాలో గుచ్చుకుంది. ఇప్పటికీ పోలేదు.

కన్నడలో ఆఖరి భాగం అత్త పోయే ముందురోజు, శుక్రవారం వచ్చింది. ఏడున్నర దాటినా ఫోన్ మోగలేదు. చివరికి అత్తే చేసింది.

"ఒక్క ముక్క చెప్పవే. పోయేది ఎవరు?"

"ఊహూ. ఫోన్‌లో చెప్పేది కాదు మే ఇది. ఆదివారం నీ చర్చి అయినాక వస్తా. ముందర కూర్చోబెట్టి చెప్తా."

అత్త ఎంత బతిమాలినా ఆంటీ చెప్పలేదు.

ఆంటీ శనివారమే వచ్చింది. మా హాల్లో అత్తను పడుకోబెట్టాం. సంఘంవాళ్ళు పాటలు పాడుతున్నారు. ఆంటీ ఎవరినీ చూడకుండా వచ్చి తల దగ్గర కూర్చుంది. ఒక పాట అయిపోయి ఇంకోటి ఎత్తుకునే లోపల మొదలుపెట్టింది.

"మే, వింటాండావా? ఆఖరుది వచ్చేసింది. సినిమాలో మాదిరి కాదు. ఎవురూ పోలేదు. ఇద్దరూ ముసలోళ్ళై, పండ్లు ఊడిపోయి, చెరుకుముక్క నమల్లేక ఒకరినొకరు చూసి నగుతాంటారు. అంతే మే, అయిపోయింది."

పాస్టరుగారు పాటల పుస్తకం మూసి ఆగారు. ఆంటీ నా వైపు తిరిగింది.

"పాపా, నువ్వూ చూసింటావు కదా. చెప్పు మీ అత్తకు."

నేను చూశాను. ఒకామె పోయింది, అచ్చం సినిమాలో లాగానే. చెరుకు లేదు, నవ్వు లేదు. హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు.

"అవునత్తా" అన్నాను. "ఇద్దరూ ఉన్నారు."

ఆంటీ నా చేయి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. అయినా కుళ్ళు మాత్రం తగ్గలేదు. పోయిన మనిషికి చెప్పడానికి కూడా ఆమె దగ్గర ఏదో ఒకటి ఉంది. నా దగ్గర ఏమీ మిగల్లేదు.

నేను చెప్పాల్సింది శుక్రవారం మధ్యాహ్నమే చెప్పేశాను. ఆఖరి భాగం టీవీలో రాకముందే ఫోన్ యాప్‌లో వచ్చింది. కాలేజీలో చివరి క్లాసు మానుకుని పరుగున ఇంటికొచ్చి, ఒకామె పోతుందన్న సంగతితో సహా అంతా అత్తకు చెప్పాను. అత్త విని, రిమోట్ కొత్త కవరుకు రెండో రబ్బరు బ్యాండు వేసింది.

"దానికి తెలియనియ్యొద్దు పాపా" అంది. "అది చెప్పేటప్పుడు నాకు తెల్దన్నట్టే అడుగుతా."