కొత్త ఉన్ని ముందు మామయ్యకే

ఆ ఇంట్లోకి కొత్త ఉన్ని బట్ట ఏది వచ్చినా, ఎవరి కోసం వచ్చినా, ముందు తొడుక్కునేది సరంగు మామయ్యే. ఆయనకున్న వింత గుణం అదొక్కటే. మిగతా అంతా వంక పెట్టడానికి లేని మనిషి. తాగడు, అరవడు, పెట్టింది తింటాడు, ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లాంచీ నడుపుకుంటూ సగం నిద్రలో ఉన్నట్టు బతికేస్తుంటాడు. కానీ కొత్త స్వెట్టరు కంటబడిందా, ఇక మనిషి మనిషి కాదు. అది ఆడవాళ్ళదా మగవాళ్ళదా, తన ఒంటికి పడుతుందా పడదా, అవేవీ చూడడు. ఒళ్ళేమో, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రానంత ఒళ్ళు.

ఈ సంగతి తెలీకుండా ఆ ఇంటికి కోడలిగా వచ్చింది పాపం ఆ పిల్ల. రేవులో టికెట్లిచ్చే కిటికీ వెనక ఆమెకి ఉద్యోగం, అదీ ఆ ఎండాకాలంలోనే చేరింది. సరంగు కొడుకు పనున్నా లేకపోయినా సొంత తండ్రి లాంచీకే టికెట్టు కొంటూ, ఏరు దాటుతూ, వెనక్కొస్తూ, అలా అలా చలి మొదలవకముందే వ్యవహారాన్ని పెళ్ళిదాకా లాక్కొచ్చాడు.

ఆమె నలుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిది. పెద్దక్క వేసుకున్నది రెండో అక్కకి, అక్కణ్ణించి మూడో అక్కకి, చివరికి ఆమెకి. ఆమెదాకా వచ్చేసరికి ఏ స్వెట్టరుకైనా మోచేతుల దగ్గర మాసికలు, మెడ దగ్గర సాగుడు, ఒళ్ళంతా ముగ్గురి వాసనా ఉండేవి. జన్మలో ఒక్క ఉన్ని బట్టైనా అందరికంటే ముందు తనే తొడుక్కోవాలని ఆమెకో కోరిక. పెద్ద కోరికేం కాదు. పెళ్ళయితే తీరిపోతుందనుకుంది.

మొదటి చలికాలంలో మొగుడు ఆమెకో గులాబీరంగు స్వెట్టరు తెచ్చాడు. ముందువైపు బొత్తాలు, జేబుల మీద తెల్ల పువ్వులు. పొద్దున్నే వేసుకుందామని మడత విప్పకుండా బల్ల మీద పెట్టుకుని పడుకుంది. తెల్లారి చూస్తే బల్ల ఖాళీ. ఇల్లంతా వెతికి, వెతికి, ఆఖరికి పాత శాలువా చుట్టుకుని రేవుకి పోయి కిటికీ తెరిచింది. ఏటి మీద మంచు పాలమీద మీగడ కట్టినట్టు కదలకుండా ఉంది. ఆ మంచులోంచి ముందు ఇంజను చప్పుడు వచ్చింది. తరవాత లాంచీ ముక్కు వచ్చింది. ఆ వెనకాల, కల్లో వచ్చినట్టు మెల్లమెల్లగా, గులాబీరంగు వచ్చింది.

చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. బొత్తాల్లో ఒక్కటీ పడలేదు. పై బొత్తాన్ని మాత్రం అవతలి చిల్లుకి తాడుతో కట్టుకున్నాడు. తెల్ల పువ్వులు రెండూ చంకల కిందికి పోయి దాక్కున్నాయి. సరంగు మామయ్య మాత్రం ఎప్పట్లాగే మంచులోకి చూస్తూ చక్రం తిప్పుతున్నాడు.

"మామయ్యా, అది నాది," అంది కోడలు, లాంచీ ఒడ్డుకి తగలగానే.

"నీదే అమ్మాయ్. ఎవరు కాదన్నారు?"

"మరి మీరెందుకు తొడుక్కున్నారు?"

ఆయన ఒకసారి తన ఒంటికేసి చూసుకున్నాడు. "కొలత చూస్తున్నా."

కొలత చూడ్డం వారం దాటింది.

సాకులకి ఆయన దగ్గర కొదవ లేదు గానీ ఒకటీ నిలబడే సాకు కాదు. కొడుకు మఫ్లరు మెడకి చుట్టుకుంటే రంగు దిగుతుందేమో చూస్తున్నా అనేవాడు. భార్య శాలువా కప్పుకుని బయల్దేరితే దానికి కాస్త గాలి తగలాలి అనేవాడు. ఒకసారి ఏ సాకూ తట్టక పొరపాటైంది అన్నాడు, అని మర్నాడూ అదే వేసుకెళ్ళాడు. అంచేత ఆయనకి కొత్త బట్టల పిచ్చి అని ఇంట్లోవాళ్ళూ, రేవులోవాళ్ళూ కలిసి తేల్చేశారు. పిచ్చి ముదరకుండా ఉంటే చాలనుకున్నారు.

రేవులోవాళ్ళకైతే ఆ ఇంటి కబుర్లు వేరే చెప్పక్కర్లేకపోయింది. సరంగు ఒంటి మీద చూసుకునేవాళ్ళు. ఆకుపచ్చ శాలువా కనబడితే ఆయన భార్య ఏదో పెళ్ళికెళ్తోందని లెక్క. బూడిదరంగు మేజోళ్ళు చేతులకి కనబడితే కొడుకు పాత మేజోళ్ళు చిరిగిపోయాయని లెక్క. పాలవాడైతే లాంచీ దిగుతూ దిగుతూ, ఈసారి ఎవరికండీ అని అడిగి మరీ దిగేవాడు.

తొడగడం ఒక్కటే అయితే కోడలు ఎలాగో సర్దుకునేది. తొడిగాక ఆయన చేసే సేవ ఇంకొకటి. ఉన్నిని ఉతకడం అనే మాట ఆ ఇంట్లో అనకూడదు. స్నానం చేయించడం అనాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మోచెయ్యి ముంచి చూసుకోవాలి. సబ్బు నీళ్ళలో బాగా కరిగాకే బట్ట వెయ్యాలి. రుద్దకూడదు, పిండకూడదు, బొజ్జ నొక్కినట్టు మెల్లిగా నొక్కాలి. తువ్వాల్లో పెట్టి చాపలా చుట్టి తడి లాగెయ్యాలి. దండెం మీద వేస్తే మాత్రం ఊరుకోడు, ఉరితీశావుటమ్మా అని బాధపడతాడు. నీడపట్టున చాప పరిచి దాని మీద చేతులు బారజాపి పడుకోబెట్టాల్సిందే.

మధ్యాహ్నం వేళ ఆ వరండా చూస్తే నవ్వూ వచ్చేది, ఆవలింతా వచ్చేది. చాప మీద వరసగా స్వెట్టర్లు వెల్లకిలా పడుకుని ఉండేవి. వాటి పక్కనే మామయ్య కూడా వెల్లకిలా పడుకుని ఉండేవాడు. ఆ వైపు వెళ్ళేవాళ్ళు తెలీకుండానే అడుగులు మెత్తగా వేసేవాళ్ళు. కొడుకు ఒకసారి తొందరపడి స్వెట్టరుని మరిగే నీళ్ళలో వేసేస్తే అది బొమ్మకి తొడిగేంత అయి బయటికొచ్చింది. మామయ్య కొడుకుతో మాట్లాడ్డం మానేసి కొన్నాళ్ళు ఆ స్వెట్టరుతోనే మాట్లాడాడు.

ఇదంతా అయ్యాక కోడలి గులాబీరంగు స్వెట్టరు కోడలికొచ్చింది. లాంచీ నూనె వాసన లీలగా వేస్తోంది. వేసుకుంటే మాత్రం పిల్లి వచ్చి ఒళ్ళో పడుకున్నట్టుంది. మంచి ఉన్ని అనుకుంది. కానీ మనసులో ముల్లు అలాగే ఉండిపోయింది. పుట్టింట్లో ముగ్గురి తరవాత, ఇక్కడ మామగారి తరవాత.

ఆ ముల్లు ఇంకా లోపలికి దిగడానికి చిన్న మేజోళ్ళు కారణమయ్యాయి. కడుపులో బిడ్డ ఉన్న సంగతి ఆమె మొగుడికీ అత్తగారికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంకొన్నాళ్ళాగి ఏరు దాటి వెళ్ళి, అక్కల మధ్య కూర్చుని తీరిగ్గా చెప్పాలని ఆమె ఆశ. అత్తగారు సంబరం పట్టలేక బొటనవేలంత మేజోళ్ళు ఒక జత అల్లింది. ఇంకేముంది, మర్నాడు సరంగు మామయ్య రెండు బొటనవేళ్ళకీ అవి తగిలించుకుని లాంచీ తిప్పాడు. సాయంత్రానికి రెండు ఒడ్లూ గుప్పుమన్నాయి. టికెట్టు కోసం వచ్చిన ముక్కూ మొహం తెలీని మనిషి కూడా, చల్లగా ఉండమ్మా, బరువులెత్తకు అని చెప్పి పోయాడు. అక్కల దగ్గర్నుంచి, మాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పావా అని నిష్ఠూరం వచ్చింది.

ఆ రోజు ఆమె ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతా, కాదనకండి. నా స్వెట్టర్లు తొడుక్కున్నారు, సరే. నా బిడ్డ బట్టలు మాత్రం తొడుక్కోవద్దు. దానికైనా ఒక్కటి కొత్తది ఉండనివ్వండి."

ఆయన వేళ్ళకున్న మేజోళ్ళు ఒకదాని తరవాత ఒకటి మెల్లిగా లాగి బల్ల మీద పెట్టాడు. "సరేనమ్మా," అన్నాడు. సాకు చెప్పలేదు. ఆయన సాకు చెప్పకపోవడం ఆమె అదే మొదటిసారి చూడ్డం.

పాప పుట్టింది. మళ్ళీ చలికాలం వచ్చింది. లాంచీకీ లాంచీకీ మధ్య ఖాళీలో కోడలు పసుప్పచ్చ ఉన్నితో బుల్లి కోటూ, టోపీ అల్లింది. మామయ్య కంటబడకుండా టికెట్ల సొరుగులో దాచుకుని మరీ అల్లింది. అల్లుతుంటే కిటికీ అవతల మంచు, ఇవతల ఒళ్ళో పసుపు ఉండ. ఒక్కోసారి టికెట్టు అడిగినవాడికి చిల్లర బదులు ఉన్ని ఉండ అందించేది. తనకి దొరకనిది తన పిల్లకి దొరుకుతోంది. ఎవరూ తొడుక్కోనిది, ఎవరి వాసనా లేనిది.

పాపని అక్కలకి చూపించడానికి ఏరు దాటే రోజు రానే వచ్చింది. పొద్దున్నే కోటు తొడిగి, టోపీ అక్కల ఎదుటే పెడదామని చేతిలో పట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని లాంచీ ఎక్కింది. లాంచీలోవాళ్ళంతా చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నారు. ఆ మాట పూర్తి కాకుండానే పాప ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు కాదు. మెడ అటూ ఇటూ తిప్పుతుంది, గడ్డం రుద్దుకుంటుంది, ఇంజను చప్పుడుని మించి గుక్కపెడుతుంది. ఆకలేమో అన్నారొకరు. కడుపునొప్పేమో అన్నారింకొకరు. పడవంటే భయమేమో అన్నాడు పాలవాడు. సరంగు మనవరాలికి పడవ భయమేమిటయ్యా అని వాణ్ణి కసురుకున్నారు. సరంగు మామయ్య మాత్రం అస్తమానం వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నోరు తెరుస్తాడు, మూసుకుంటాడు, మళ్ళీ చక్రం వైపు తిరుగుతాడు.

అత్తగారు మితంగా మాట్లాడే మనిషి. చేసంచీలోంచి కొడుకు పాత స్వెట్టరు తీసింది. పాప ఒంటి మీంచి కోటు తీసేసి ఆ పాతదాంట్లో చుట్టింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. పాప ఒకసారి వెక్కి, ముఖం దాంట్లో దాచుకుని నిద్రలోకి జారిపోయింది. లేత మెడ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది.

కోడలు ఆ కోటుని ఒళ్ళోకి తీసుకుంది. "అంత కష్టపడి అల్లితే, దానికి నచ్చలేదత్తయ్యా."

"నచ్చకేం. కరుస్తోంది."

"కోటు కరవడమేమిటి?"

"కొత్త చెప్పు కరవదూ? కొత్త ఉన్నీ అంతే. వాడగా వాడగా మెత్తబడుతుంది."

"నన్నెప్పుడూ కరవలేదే."

"నీదాకా రానిస్తేగా," అంది అత్తగారు.

తరవాత ఆవిడ పాపని జోకొడుతూ, ఏటివైపు చూస్తూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. వాళ్ళబ్బాయి పాపంత ఉన్నప్పుడు ఇలాగే కొత్త స్వెట్టరు తొడిగితే గోళ్ళతో ఒళ్ళంతా రక్కేసుకున్నాడట. మామయ్య ఒంటికైతే ఉన్ని అసలు పడదట. ముట్టుకుంటే దద్దుర్లట. అంచేత తనని కరవడం మానిందంటే ఇంకెవర్నీ కరవదని ఆయన లెక్కట. అప్పట్నుంచీ ఇంట్లోకొచ్చిన ప్రతి కొత్త ఉన్నినీ తన ఒంటి మీద అరగదీసి గానీ ఎవరికీ ఇవ్వలేదట. ఇంటికొచ్చాక వీపుకి నూనె రాసేది ఆవిడేనట.

"ఇన్నాళ్ళై చూస్తున్నావు కదా, ఆయనకంటూ ఒక్క స్వెట్టరైనా ఉందా?"

కోడలు మామయ్య వైపు చూసింది. అదే పాత నూలు కోటు. ఎవరి కొత్త బట్టా లేని రోజుల్లో ఆయన వేసుకునేది అదే. గులాబీరంగునీ బొటనవేలి మేజోళ్ళనీ చూసి నవ్వినవాళ్ళలో ఆ నూలు కోటుని చూసినవాళ్ళెవరూ లేరు. చక్రం పట్టుకున్న మణికట్ల మీద, మెడ వెనక, పాత దద్దుర్ల మచ్చలు చిన్న చిన్న ద్వీపాల్లా ఉన్నాయి.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా నాకు?"

"చెప్తే ఇంకెవరైనా తొడుక్కోనిస్తారా? చెప్పొద్దన్నాడు. నన్ను మాత్రం ఎవరడిగారు?"

మంచు పలచబడుతోంది. అవతలి ఒడ్డు ఉందా లేదా అన్నట్టు కనబడుతోంది. కోడలు లేచి, ఊగుతున్న లాంచీలో బల్లలు పట్టుకుంటూ చక్రం దాకా వెళ్ళింది.

"మామయ్యా."

"మాటిచ్చాను కదమ్మా," అన్నాడాయన వెనక్కి తిరక్కుండా. "ముట్టుకోలేదు."

ఆమె పసుప్పచ్చ కోటు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముట్టుకోండి."

ఆయన ఒక చేత్తో చక్రం పట్టుకుని, రెండో చేత్తో ఆ కోటుని చెంపకి ఆనించుకుని చూశాడు. ముఖం చిట్లించాడు. "బాగా అల్లావమ్మాయ్. గట్టి పిల్ల ఇది. వారంలో లొంగేది కాదు." అని చొక్కా పై బొత్తాలు విప్పి, కోటుని లోపల గుండెల మీద పరుచుకుని మళ్ళీ బొత్తాలు పెట్టుకున్నాడు. బుల్లి చేతులు రెండూ మెడ దగ్గర్నుంచి బయటికి తొంగిచూశాయి. "టోపీ కూడా ఇటివ్వు."

"ఇవ్వను."

"ఏం?"

"అది నేను తొడుక్కుంటా."

మామయ్య ఈసారి నిజంగా తిరిగి చూశాడు. "కరుస్తుందమ్మా. నీకెందుకా బాధ?"

"కరవనివ్వండి మామయ్యా. మా ఇంట్లో నేను ఆఖరిదాన్ని. ఇంతవరకూ ఏ ఉన్నీ ముందుగా నన్ను కరవలేదు."

ఆయనకి ఆ మాట పూర్తిగా అర్థమైందో లేదో తెలీదు. తలూపాడు. లాంచీ ఒడ్డుకి తగిలి మెల్లిగా నిట్టూర్చినట్టు ఆగింది.

మర్నాడు పొద్దున రేవులో టికెట్ల కిటికీ తెరుచుకుంది. కోడలి కుడి పిడికిలికి పసుప్పచ్చ టోపీ ఉంది, పైన కుచ్చుతో సహా. ఎడంచేత్తో టికెట్లు చింపుతోంది, అందుకే వరస కాస్త మెల్లిగా కదులుతోంది. పాలవాడు తన వంతు వచ్చేసరికి వంగి చూశాడు.

"చేతికి దెబ్బేమైనా తగిలిందా అమ్మా?"

"లేదండీ. కొత్తది. అల్లాక ఇదే తొడగడం, అదీ అందరికంటే ముందు నేనే."

"ఎలా ఉందేమిటి?"

ఆమె పిడికిలిని బల్ల అంచుకేసి అటూ ఇటూ రుద్దుకుంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చచ్చే దురదండీ," అని చెప్పి, టికెట్టు చింపి ఇచ్చింది.