నెరెయిదా తీసేసిన పదకొండు పేజీలు

ఇంజినీరింగులో డాక్టరేట్ రావాలంటే ఏమేం కావాలో మా భవనంలో ఒకే మెట్ల వెంట ఉన్న పదహారు ఇళ్ళవాళ్ళకీ నోటికి వచ్చు. ముందు మూడు పరీక్షలు: పరాయి భాష, తత్త్వశాస్త్రం, సొంత విషయం. తర్వాత పత్రికల్లో రెండు వ్యాసాలు. ఆ తర్వాత, చేసిన పని నిజంగా ఎక్కడో వాడుకలో ఉందని ఫ్యాక్టరీ ఇచ్చే ఉత్తరం. నూట ఇరవై పేజీలకు మించని థీసిస్. డిపార్ట్‌మెంటులో ఒక రిహార్సల్. చివరికి ఏడుగురి ముందు అసలు పరీక్ష, రహస్య ఓటు, అందులో కనీసం ఐదు ఓట్లు. ఇన్ని సంగతులు మాకు తెలియడానికి కారణం మూడో అంతస్తులో ఉండే నెరెయిదా బాల్మసేదా.

ఆమె మా ఊరు శాంతా క్లారా నుంచి రోజూ, బస్సులా జనాన్ని ఎక్కించుకునే లారీ ఎక్కి చక్కెర మిల్లుకి వెళ్ళి, బాయిలర్ల దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసిన ఇంజినీరు. నలభై అయిదో ఏట డాక్టరేట్‌కి పేరు ఇచ్చింది. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి రాసి వచ్చిన రోజు కింద అంతస్తు కూకా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"ఏమమ్మా నెరెయిదా, పాసయ్యావా? లేక నీ బాయిలరు ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేదాకా ఆగాలా?"

"పాసయ్యాను. నీతో తగువు ఇకనించి ఇంగ్లీషులోనే."

"డాక్టరయ్యాక నా మోకాలికి మందు రాస్తావా మరి?"

"నీ మోకాలికి కాదే, నోటికి రాస్తాను."

మిల్లులోనూ అంతే. బాయిలర్ మనిషి ఎవరైనా ఎదురైతే, "డాక్టరమ్మా, మూడో నంబరుకి జ్వరం, వచ్చి నాడి చూడండి" అనేవాడట. ఆమె నిజంగానే వెళ్ళి చూసేది.

ఆమె థీసిస్ చెరకు పిప్పి మీద. గానుగలోంచి వచ్చే పిప్పిలో సగం నీళ్ళే. తడి పిప్పిని బాయిలర్‌లో వేస్తే మంట ఏడుస్తుందని ఆమె అనేది. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడితో ఆ పిప్పిని ఆరబెట్టే డ్రయ్యర్ ఒకటి ఆమె తయారుచేసింది. పాత రేకులు, మూలపడిన ఫ్యాను, వెల్డర్లు సెలవు రోజుల్లో చేసిన పని, అన్నీ కలిసి అది నిలబడింది. మూడు గానుగ సీజన్లు దాని పక్కనే కూర్చుని కొలతలు తీసింది.

నేను అప్పుడు సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్నాను. మా మెట్ల మీద పనిచేసే కంప్యూటర్ నాదొక్కటే. అక్షర దోషాలుంటే థీసిస్ వెనక్కి వస్తుంది కాబట్టి, ఆమె రాసింది టైపు చేసి భాష దిద్దే పని నాకు పడింది. ఆదివారాలు ఆమె కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేది. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. దానికి ఆమెకు అభ్యంతరం ఉండేది కాదు. "నువ్వు మాట్లాడకపోతే నాకు అంకెలు బాగా వినబడతాయి" అనేది.

ఎవేలియో కార్మెనాతె మా ఇంటికి వచ్చింది అలాంటి ఒక ఆదివారమే. అతను, నెరెయిదా ఒకే రోజు మిల్లులో చేరారట. అతను పదేళ్ళ క్రితం డాక్టరేట్ చేసి యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. అతని థీసిస్ కూడా పిప్పి డ్రయ్యరే, వేరే రకం. దానికి కావలసిన కొలతల్లో సగం తీసింది నెరెయిదా. ఇప్పుడు ఆమె థీసిస్‌కి అతను ఎదుటివాడు కాబోతున్నాడు. తప్పులు వెతకడానికే నియమించే ఇద్దరు పరీక్షకుల్ని మేము ఎదుటివాళ్ళు అంటాం. పేరుకే ఎదుటివాళ్ళు. అడగబోయే ప్రశ్నలు వారం ముందే కాగితం మీద రాసి ఇస్తారు. పరీక్షకి నిలబడే మనిషి జవాబులు రాసుకుని వస్తుంది. ఆ రోజు ఇద్దరూ చదువుతారు. అది అందరికీ తెలిసిన పద్ధతి.

అతను థీసిస్ చివరి ప్రతి తిరగేసి, "నూట ముప్పై ఒకటి. పదకొండు పేజీలు ఎక్కువున్నాయి నెరెయిదా" అన్నాడు.

"తెలుసు. మొదటి అధ్యాయంలో చరిత్ర కోసేద్దామనుకుంటున్నా."

"చరిత్ర ఉండనీ. ఇవిగో, నాలుగో అధ్యాయంలో ఇవి సరిగ్గా పదకొండు ఉన్నాయి."

ఆమె కాఫీ పోయడం ఆపింది. ఆ పదకొండు పేజీలూ రెండు డ్రయ్యర్ల పోలిక. తడి నూటికి పదమూడు పాళ్ళు తగ్గుతుందని ఎవేలియో తన థీసిస్‌లో రాశాడు. మూడు సీజన్లు కొలిస్తే అతనిది తగ్గించింది ఐదు పాళ్ళే. ఆమెది పన్నెండు.

"ఎవేలియో, నా థీసిస్ అంతా అక్కడే ఉంది కదా."

"నీ డ్రయ్యర్ పన్నెండు తగ్గిస్తుంది. ఆ ముక్క మిగతా పేజీల్లో ఉంది, చాలు. నాది ఐదని చెప్పాల్సిన అవసరం ఏముంది? నా పిల్లలు ఆ పదమూడు మీద బతుకుతున్నారు నెరెయిదా. నేనే ఎదుటివాణ్ణి. ఆ సంగతి అడిగేది నేను కాకపోతే ఇంకెవరు?"

ఆమె సగంలో ఆపిన కాఫీ పోసింది. తర్వాత నా వైపు తిరిగింది. "పిల్లా, అవి తీసెయ్."

నేను తీసేశాను. ఎవేలియో జేబులోంచి మెమరీ స్టిక్ తీశాడు. "ఆ పేజీలు నాకివ్వు, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయి" అన్నాడు. మాకు ఇంటర్నెట్ లేదు. సినిమా అయినా పాట అయినా పాఠమైనా ఒకరి స్టిక్ నుంచి ఇంకొకరి స్టిక్‌కి వెళ్ళాల్సిందే. స్టిక్ చాపితే కాదనడం మాకు ఎవరికీ రాదు. ఆమె తల ఊపింది, నేను కాపీ చేసి ఇచ్చాను.

ఆమె గైడు, ముసలి ప్రొఫెసర్ బాసుల్తోకి, పేజీల లెక్క కోసం తీశామని మాత్రమే చెప్పింది. ఆయన నమ్మాడు.

వారం ముందు ఎవేలియో మూడు ప్రశ్నలు పంపాడు. ఫ్యాను వేగం, దుమ్ము, నిప్పు రగలకుండా జాగ్రత్తలు. మేము జవాబులు రాసి, చదివి, గడియారం పెట్టి సమయం చూసుకున్నాం. మెట్ల వాళ్ళందరూ పరీక్ష తర్వాతి విందుకి కూడా సిద్ధమయ్యారు. రేషన్‌లో వచ్చిన గుడ్లు ఎవరివి వాళ్ళు ఇచ్చారు. కూకా క్రొకెట్లనే కరకరలాడే ఉండలు వేయించింది, ఒకావిడ చల్లని మెకరోనీ సలాడ్ కలిపింది. నీలం రంగు మెరింగ్, అదే గుడ్డుసొన నురగ, పూసిన కేకుని లారీలో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది నేనే.

హాల్లో ఏడుగురూ పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. నెరెయిదా నలభై నిమిషాలు తడబడకుండా మాట్లాడింది. మొదటి ఎదుటివాడు సియెన్‌ఫ్యూగోస్ అనే ఊరి నుంచి వచ్చాడు. తన ప్రశ్నలు చదివాడు, ఆమె జవాబులు చదివింది. తర్వాత ఎవేలియో లేచాడు. మూడు ప్రశ్నలూ కాగితంలో ఉన్నట్టే అడిగాడు, ఆమె ఉన్నట్టే చెప్పింది. మిల్లు నుంచి వచ్చిన వెల్డర్లు వెనక బెంచీల్లో చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు.

ఎవేలియో కూర్చోలేదు.

"కాగితంలో లేని ప్రశ్న ఒకటి. అధ్యక్షుల వారి అనుమతితో." అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఇంజినీర్ బాల్మసేదా, ఈ దేశంలో ఇదివరకే ఒక డ్రయ్యర్ ఉంది. అది నాదే అయినా చెప్పక తప్పదు. మీది దానికంటే మెరుగని మీరంటున్నారు. రెండింటినీ ఒకే మిల్లులో, ఒకే పిప్పితో పోల్చిన కొలతలు మీ థీసిస్‌లో ఏ పేజీలో ఉన్నాయి?"

నెరెయిదా అతని వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె ఇంకా ఏదో వినడానికి ఆగినట్టు ఉంది. అతను ఇంకేమీ అనలేదు.

"ఆ పోలిక పుస్తకంలో లేదు" అంది చివరికి. "చేశాను. నేనే తీసేశాను."

బాసుల్తో లేచాడు. "పేజీల పరిమితి వల్ల, అధ్యక్షా..."

"ఏ పేజీలు తీయాలో, ఏవి ఉంచాలో తెలియడం కూడా శాస్త్రమే ప్రొఫెసర్" అన్నాడు అధ్యక్షుడు. "పుస్తకంలో లేనిది మా ముందు లేనట్టే." తర్వాత నియమం ప్రకారం హాలంతా కలయజూసి అడిగాడు. "సభలో ఎవరైనా ఏమైనా చెప్పదలచుకున్నారా?"

వెల్డర్లకి విషయం తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అన్ని తలలూ నా వైపు తిరగడం ఊహించుకున్నాను. చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాను. అధ్యక్షుడు ఆగవలసినంతసేపు ఆగి, ముందుకు సాగిపోయాడు.

చెక్కపెట్టెలో ఏడు చీటీలు పడ్డాయి. నాలుగు అవును. మూడు కాదు. ఒక్క ఓటు తక్కువైంది.

విందు మాత్రం ఆగలేదు. వద్దనడం ఎవరికీ తోచలేదు. కాదని ఓటు వేసిన ముగ్గురు ఎవరో తెలియదు గనక ఏడుగురికీ నెరెయిదా తనే పళ్ళెం అందించింది. కూకా క్రొకెట్లు చాలా బాగున్నాయని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. కూకా జవాబు చెప్పలేదు. నాకు తెలిసినంతలో అదే మొదటిసారి.

ఎవేలియో పళ్ళెంతో మా దగ్గరికి వచ్చాడు. "నెరెయిదా, నీకు దారి తెరిచాను. తీసేసిన పేజీల గురించి వివరంగా చెప్పొచ్చు కదా. అంకెలన్నీ నీకు నోటికి వచ్చు."

"తీసెయ్యమన్నది నువ్వు."

"నేను అడిగాను. తీసింది నువ్వు." అతను గొంతు తగ్గించాడు. "ఎదుటివాడు మెత్తగా వదిలేశాడంటే రేపు నీ పట్టాకే మచ్చ. నీ మంచికే చేశాను. ఏడాదిలోపు ఇంకోసారి పెట్టుకోవచ్చు. మళ్ళీ నేనే వస్తా."

"అడిగిన తర్వాత, ఆ పోలిక నువ్వు చూశావని కూడా చెప్తావనుకున్నా. అందుకే ఆగాను." ఆమె అతని పళ్ళెంలోకి చూసింది. "సలాడ్ వేసుకో. మిగిలితే పాడైపోతుంది."

ఆ వేసవంతా ఆమె పట్టుదలగానే ఉంది. మొదటి అధ్యాయంలో చరిత్ర కోసేశాం, పదకొండు పేజీలు మళ్ళీ పెట్టాం, సరిగ్గా నూట ఇరవై వచ్చాయి. నవంబరులో థీసిస్ ఇచ్చింది. జనవరిలో వెనక్కి వచ్చింది. అక్షర దోషాలు లేవు. ఒక వాక్యం ఉంది: నాలుగో అధ్యాయంలోని ఫలితాలు ఇదివరకే వేరొకరి పేరున ప్రచురితమైనవి గనక, థీసిస్‌లో కొత్తదనం అనే నియమం నెరవేరలేదు.

వేరొకరు ఎవేలియో. వ్యాసం పేరు, పదేళ్ళ తర్వాత ఒక డ్రయ్యర్ పునఃపరిశీలన. తన పదమూడు తప్పు, అది ఐదేనని అతనే రాసుకున్నాడు. ఇంత నిజాయితీ ఏ శాస్త్రవేత్తకి ఉంటుందని యూనివర్సిటీ గోడపత్రికలో పొగిడారు. పట్టికలు ఆమెవి, గ్రాఫులు ఆమెవి. వాక్యాలు నేను దిద్దినవి. పత్రికకు అతను పంపిన తేదీ ఆమె పరీక్షకి పన్నెండు రోజుల ముందుది.

బాసుల్తో ఫిర్యాదు పెట్టించాడు. ఆ పేజీలు ముందే ఆమె దగ్గర ఉన్నాయని రుజువేమిటని కమిషను అడిగింది. నా కంప్యూటర్ తీసుకుని వెళ్ళాం. దాని లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం 2002 జనవరికి వెళ్ళిపోతుంది. నెరెయిదా థీసిస్ మొత్తం, దాని లెక్కన, ఆమె దానికి పేరు ఇవ్వకముందే రాసేసి ఉంది. కమిషనులో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. మిల్లు నోటు పుస్తకాల్లో ఆమె చేతిరాత ఉంది కదా అంటే, కొలతలు తీసిన మనిషికి వ్యాసంలో కృతజ్ఞతలు చెప్పారు కదా అన్నారు.

నిజమే, ఎవేలియో చెప్పాడు. ఆ పత్రిక ఒక ప్రతి తనే తెచ్చి ఇచ్చాడు. నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను.

"చూడు, చివరి పేజీ" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "నీ పేరు పెట్టాను. పెట్టొద్దన్నారు, నేనే పట్టుబట్టాను."

చిన్న అక్షరాల్లో ఉంది. కొలతలు తీయడంలో సహకరించిన ఇంజినీర్ ఎన్. బాల్మసేదాకి కృతజ్ఞతలు.

ఆమె రెండుసార్లు చదివింది. "నేనడిగితే ఆ పేజీలు నీకు ఇచ్చేసేదాన్ని ఎవేలియో. నీ పేరు ముందు పెట్టుకో అన్నా పెట్టేదాన్ని. ఇద్దరం రాసి ఉండొచ్చు."

"అడగడానికి టైము లేకపోయింది. ఆ సంచికకి గడువు..."

"నాకూ గడువుంది."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద కూకా బకెట్టు నీళ్ళు గుమ్మంలో గుమ్మరించిన చప్పుడు వినిపించింది. "అయ్యో డాక్టర్ గారూ, చూసుకోలేదండీ!" అంది గట్టిగా.

నెరెయిదా నవ్వలేదు. నియమం ప్రకారం రెండో అవకాశం గడువు మార్చిలో ముగిసింది. ఆమె ఏమీ పెట్టలేదు. కొత్త విషయం మీద మొదటి నుంచి మొదలుపెట్టవచ్చని బాసుల్తో అన్నాడు. ఆమెకు యాభై ఒకటి నిండింది. తెల్లవారుతూనే లారీ ఎక్కి మిల్లుకి వెళ్తోంది. డ్రయ్యర్ నడుస్తోంది. దాన్ని చూడటానికి వచ్చే విద్యార్థుల్ని ఎవేలియో తీసుకొస్తాడు. ఆ రోజుల్లో ఆమె ఇంకో బాయిలర్ దగ్గర పని చూసుకుంటుంది.

మార్చి గడిచిన తర్వాతి ఆదివారం ఆమె ఫ్లాస్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దిద్దడానికి ఏమీ లేదు. ఇద్దరం కాఫీ తాగాం.

"ఆ రోజు సభని అడిగినప్పుడు నువ్వు లేస్తావనుకున్నాను" అంది.

"భయమేసింది పిన్నీ."

"తెలుసు." ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. "అతనికీ తెలుసు."