పెళ్లిచూపుల్లో మిడత పాఠం

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి నోరు ఊరుకునేది కాదు. అందులోనూ నాది జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగం. ఎదుట నలుగురు మౌనంగా కూర్చుంటే చాలు, పాఠం మొదలుపెట్టమన్నట్టే తోచేది. మక్తల్ దగ్గరి ఒక ఊరికి పిల్లను చూడబోతుంటే, మా మేనత్త బస్సులోనే హెచ్చరించింది: "జర తక్కువ మాట్లాడు అల్లుడా. మిగతాది నేను చూసుకుంట."

అమ్మాయి వచ్చి చాప మీద కూర్చుంది. నాకు చూడగానే నచ్చింది. అందరూ నేలచూపులు చూస్తున్నారు. అంతలో పల్లిచేను వైపు నుంచి ఒక పచ్చని మిడత ఎగిరొచ్చి మిక్చర్ ప్లేటులో వాలింది. లటుక్కున పట్టేశాను. (అక్కడితో బయట పారేసి ఉంటే శూరుడిననిపించుకునేవాణ్ని.) "దీనికి తల, వక్షం, ఉదరం ఉంటాయండీ. చిత్రమేమంటే కాళ్లు, రెక్కలు అన్నీ వక్షానికే. పొట్టకు ఒక్కటీ ఉండదు. ఆ వక్షం మళ్లీ మూడు ఖండాలు..." అని అందుకున్నాను.

అమ్మాయి వాళ్ల అవ్వకు కాస్త చెవుడు. "వక్షమంటే ఏందయ్యా?" అంది. వాడుకమాటలో చెబితేనే పాఠం తలకెక్కుతుందని నా నమ్మకం. "రొమ్మవ్వా, రొమ్ము!" అని గట్టిగా అరిచాను.

అమ్మాయి నాయిన గొంతు సవరించుకున్నాడు. మేనత్త గిల్లిన గిల్లుడుకు నా చేతిలోని మిడత జారి మళ్లీ మిక్చర్‌లోనే పడింది. "ఆడివిల్లను చూడొచ్చి గివేం మాటలు?" అని అవ్వ గొణిగింది. ఇక లేచి బస్సెక్కడమే అనుకుంటుండగా అమ్మాయి తలెత్తింది.

"మూడు ఖండాలన్నరు గద. రెక్కలు దేనికుంటయి?"

"నడిమిదానికి ఒక జత, చివరిదానికి ఒక జత" అన్నాను, ఏడుపు గొంతుతో.

"మరి ముందటిదానికి?"

"ఉండవు. కాళ్లే."

"పాపం, అందరికన్న ముందు ఉరికెటోనికి రెక్కల్లేవన్నట్టు" అంటూ నా వంక చూసి నవ్వింది. వాళ్ల నాయిన కూడా ఆపుకోలేకపోయాడు.

తర్వాత కబురు మేనత్తే తెచ్చింది. ఇంట్లోవాళ్లు వెనకాడితే ఆ పిల్ల, "పురుగును చూసి గంత మురిసెటోడు మనిషిని మంచిగనే చూసుకుంటడు" అన్నదట.

ఇన్నేళ్లు పాఠాలు చెప్పి చెప్పి ఇప్పుడు నలుగురిలో నాకు నోరు పెగలదు. మొన్న కొత్తగా పక్కింట్లో దిగినాయన, "సారు అసలే మాట్లాడరు" అన్నాడు. లోపల్నుంచి మా ఆవిడ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. నాకూ నవ్వొచ్చింది. అంతమందిలో ఏ జంకూ లేకుండా వెలిగిపోతూ మాట్లాడిన ఆ కుర్రాడు ఎటు పోయాడో గానీ, వాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.