అత్తిముగం అవతల సముద్రం

మా తోడల్లుడు పద్మనాభం యాభై మూడేళ్లు సైకిలు తొక్కకుండానే బతికాడు. అందులో ముప్పై ఏళ్లు హోసూరు పక్క మత్తిగిరిలో తండ్రి అప్పగించిన కిరాణా అంగట్లో, కందిపప్పు మూటకూ చింతపండు గంపకూ మధ్య కూర్చున్నాడు. వీధిలో ఎవరైనా ఆయన్ని గురించి చెప్పాల్సి వస్తే "ఆ మూలంగడాయన" అనేవాళ్లు. పేరుతో ఎవరికీ పని పడలేదు. అది ఆయనకు లోపల గుచ్చుకునేది.

చక్కెర జబ్బు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. నడవడం నామోషీ అనుకున్నాడో ఏమో, పద్మనాభం సైకిలు కొన్నాడు. దానికి క్యారియరు లేదు, స్టాండు లేదు, గంట లేదు. ఆపితే గోడకు ఆనించాలి. గోడ దొరక్కపోతే ఆయనే పట్టుకుని నిలబడాలి. దానికి తోడు ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు, మామిడిపండు రంగు చొక్కా, బోర్లించిన గుమ్మడి చిప్పలాంటి టోపీ. మొదటి రోజు ఆ వేషంతో గుమ్మం దాటుతుంటే ఆయన భార్య, మా వదిన వాసవాంబ ముగ్గు వేసేది ఆపి నోరు తెరుచుకుని చూసింది.

"పంచె కట్టుకుని తొక్కితే పోదా ఏమి ఈ సైకిలు?" అని అడిగింది.

"నీకు తెలీదు ఊరుకో. పంచెకు గాలి అడ్డం పడుతుంది," అన్నాడు.

గంటకు పది కిలోమీటర్లు పోయే మనిషికి ఏ గాలి అడ్డం పడుతుందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆదివారాలు బెంగుళూరు నుంచి సైకిళ్ల వాళ్లు గుంపులుగా హోసూరు దాటి వస్తుంటారు. వాళ్లకు ఫోనులో ఒక యాప్ ఉంది. మనం పోయిన దారి అందులో గీతగా పడుతుంది. దానికి ఒక పేరు పెట్టి లోకానికి వదలవచ్చు. ఆ గీత కింద గీసినవాడి పేరు కనిపిస్తుంది. ఈ సంగతి తెలిసినాక పద్మనాభానికి నిద్ర పట్టలేదు. పశువుల ఫారం చుట్టూ ఒక రూటు గీశాడు. కావేరిపట్టణం దాకా ఇంకొకటి గీశాడు. రెండోది సగం దూరం సైకిలును టెంపోలో వేసుకుని గీశాడని నాకు బాగా తెలుసు, ఆ టెంపోలో పక్కన కూర్చున్నది నేనే. రెండు రూట్లనూ ఒక్క ప్రాణి కూడా తొక్కలేదు.

మూడోది అత్తిముగం దాటినాక ఒక చిన్న పల్లె చెరువు కట్ట మీదుగా పోతుంది. వేరుశనగ పెరికినాక ఆ పల్లెవాళ్లు కాయలు కట్ట మీదే ఆరబోసుకుంటారు. అందుకని దాన్ని చెనిక్కాయల కట్ట అంటారు. పద్మనాభం ఆ పేరే పెట్టి ఉంటే ఈ కథ లేదు. కానీ మావాళ్ల సంగతి మీకు తెలియదు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, నలుగురిలో తమిళం. తెలుగులో పెడితే పల్లెటూరి పేరులా ఉంటుందని ఆయన తమిళంలోకి మార్చాడు. తమిళంలో వేరుశనగను కడలై అంటారు, కట్టను కరై అంటారు. కడలై కరై అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టబోయాడు. ఎవరో అరకిలో బెల్లం అడిగారు. బెల్లం కొడుతూ, ఫోను కొడుతూ, కడలైలో చివరి రెండక్షరాలు మింగేశాడు. మిగిలింది కడల్. అంటే సముద్రం, కడల్ కరై అంటే సముద్రపు ఒడ్డు.

ఎన్ని దారులు గీసినా రాని జనం ఆ పేరు చూసి వచ్చారు. హోసూరు పక్కన సముద్రపు ఒడ్డు! పై ఆదివారానికే నలభై మంది దిగారు. పద్మనాభాన్ని "కెప్టెన్" అని పిలిచి ముందు తొక్కమన్నారు. నేను వెనకాల స్కూటరు మీద అరటిపండ్ల గెల మోసుకుపోయాను.

కట్ట మీదికి చేరాక అందరూ దిగి చూశారు. ఒక పక్క గుర్రపుడెక్క నిండిన చెరువు. ఇంకో పక్క నాగక్క అనే పెద్దామె వంగి కాయలు తిరగేస్తోంది.

"సార్, బీచ్ ఎక్కడ?" అని నమిత అనే అమ్మాయి అడిగింది.

నిజం చెప్పడానికి అప్పుడు ఒక్క మాట చాలు. తప్పు పడిందమ్మా అంటే నవ్వి, అరటిపండు తిని పోయేవాళ్లు. పద్మనాభం గొంతు సవరించుకున్నాడు.

"వేల ఏండ్ల కింద ఈడ సముద్రం ఉండె. ఇదే దాని ఒడ్డు," అన్నాడు.

నలభై ఫోన్లు పైకి లేచాయి. నమిత బురదలోంచి ఒక నత్తగుల్ల తీసి, ఇది అప్పటిదేనా అని అడిగింది. అప్పటిదేనన్నాడు. లోపలి నత్త కదులుతోంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం జాతరే. కట్ట చివర టీకొట్టు పెట్టుకున్న లక్ష్మణప్ప ఆ పల్లెకు పెద్ద. కొట్టుకు 'సముద్రతీరం టీ స్టాల్' అని బోర్డు రాయించాడు. ఒక రోజు ఎవరిదో సైకిలు వేరుశనగల మీద జారి మోచెయ్యి గీరుకుంది. కట్ట మీద ఇక ఎవరూ కాయలు ఆరబోయకూడదని లక్ష్మణప్ప చాటించాడు.

మూడో రోజు నాగక్క బస్సెక్కి పద్మనాభం అంగడికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"శెట్టప్పా, మా కట్ట మీదికి సముద్రం తెచ్చింది నువ్వేనంట?"

"అట్లా కాదమ్మా..."

"మా అత్త కాలం నుంచి ఆడనే ఆరబోసుకున్నాము. ఇప్పుడు యాడికి పోయేది? ఇంటి ముందర అంతా తేమ. కాయలు పెరికి కుప్ప పోసినాను. ఒక వాన పడితే మొలకలొచ్చేస్తాయి. ఏడాది కష్టమప్పా అది. పేరు తప్పు రాసినానని నువ్వు చెప్పు. నీ మాటయితే వింటారు."

"చెప్తానమ్మా. ఆదివారం అందరి ముందర చెప్తాను."

ఆమె పోయినాక నేనన్నాను, "ఆదివారం దాకా ఎందుకన్నా? ఫోను చేతిలోనే ఉంది. రెండక్షరాలు దిద్దు."

ఆయన ఫోను వంక చూసుకున్నాడు. "పన్నెండు వందల మంది చూసినారప్పా గురుమూర్తీ. దాని కింద నా పేరు ఉంది. ముప్పై ఏండ్లు ఈడ కూర్చున్నాను, ఒక్కడన్నా నీ పేరేమని అడిగినాడా?"

నాకు జాలి కలిగింది. ఆ జాలితోనే నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం పైవారం చెబుతానన్నాడు. పైవారం ఇంకో వారం అన్నాడు. మధ్యలో రెండు రోజులు విడవకుండా వాన పట్టింది.

నాలుగో ఆదివారం లక్ష్మణప్ప కట్ట పక్కన షామియానా వేయించి కెప్టెనుకు సన్మానం పెట్టాడు. నిక్కరు మీదే శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. పద్మనాభం నోరు తెరవబోతూ జనం వెనక నిలబడ్డ నాగక్కను చూశాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ పూట ఆయన నిజమే చెప్పాడు.

"ఈడ సముద్రం యెప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పినాను. కడలై అని రాయాల్సింది కడల్ అని రాసినాను. ఇది చెనిక్కాయల కట్ట. వీళ్లను ఆరబోసుకోనియ్యండి."

లక్ష్మణప్ప పగలబడి నవ్వి మైకు లాక్కున్నాడు.

"చూసినారా ఎంత తమాషా మనిషో! ఇంత పేరు తెచ్చి కూడా నాదేమీ లేదంటాడు. పెద్దోళ్లంటే ఇట్లుండాలప్పా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నమిత ఈల వేసింది. లక్ష్మణప్ప ఇంకో శాలువా తెప్పించి మొదటిదాని మీద కప్పాడు. పద్మనాభం "నిజంగానే చెప్తున్నాను" అని రెండుసార్లు అరిచాడు. మైకు ఆయన దగ్గర లేదు.

జనం ఫలహారాలకు లేచినాక నాగక్క ఆయన ముందుకు వచ్చి గుప్పిలి తెరిచింది. నల్లబడ్డ కాయల్లోంచి తెల్లటి మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి.

"నేను చెప్పినాను కదమ్మా," అన్నాడు పద్మనాభం.

"నమ్మే దినాల్లో అబద్ధం చెప్పినావు శెట్టప్పా. ఎవురూ నమ్మని దినం చూసి నిజం చెప్పినావు."

ఆమె నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు అంగట్లో నువ్వూ ఉన్నావు కదప్పా. అంతా తెలిసి నువ్వెందుకు చప్పట్లు కొట్టినావు?"

అందరూ కొడుతుంటే నేనూ కొట్టాను. నా చేతిలో ఫలహారానికి పెట్టిన కేసరిబాతు ఆకు ఉంది.